ఆస్తిపన్ను పునఃపరిశీలన (హైదరాబాదు)

ఆస్తిపన్ను పునఃపరిశీలన అనగా నగరపాలక సంస్థ ఒక కట్టడానికి నిర్ణయించిన అద్దె విలువను, దానిపై విధించిన పన్నును అంగీకరించని యజమాని వాటిని సరిచేయవలసిందిగా కోరే చట్టబద్ధమైన ప్రక్రియ. హైదరాబాదు నగరంలో ఇది 1955 నాటి నగరపాలక సంస్థల చట్టం ప్రకారం జరుగుతుంది. కమిషనరుకు లిఖితపూర్వకంగా ఇచ్చే ఫిర్యాదు ఇందులో మొదటి మెట్టు. దీనిని వాడుకలో రివిజన్ పిటిషన్ అంటారు. అక్కడ న్యాయం జరగలేదని భావించినవారు సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు ఎక్కువగా చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని ఇవ్వబడినవి. పాత పెంకుటిళ్ళు, వాటి స్థానంలో లేచిన అపార్టుమెంట్లు, పాఠశాలలు, సినిమా హాళ్ళు, ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాలు, వాటిని నమ్ముకొని వెలసిన వసతిగృహాలు ఇక్కడ ఒకే వీధిలో పక్కపక్కన కనిపిస్తాయి. కనుక పన్ను విషయంలో తలెత్తే తగాదాలు దాదాపు అన్నీ ఈ మూడు పేటలలోనే చూడవచ్చు.

చరిత్ర

హైదరాబాదులో పురపాలన మొదటి సాలార్ జంగ్ కాలంలో, 1869లో ప్రారంభమైంది. మూసీకి ఉత్తరాన ఉన్న చాదర్‌ఘాట్ కొంతకాలం వేరే పురపాలక సంఘంగా ఉండి, 1933లో హైదరాబాదుతో కలిసింది. 1960లో సికిందరాబాదు నగరపాలక సంస్థ కూడా ఇందులో విలీనమైంది. 2007 ఏప్రిల్ 16న చుట్టుపక్కల ఉన్న 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ) ఏర్పాటు చేయబడింది. పన్నుకు ఆధారమైన 1955 చట్టం మాత్రం సవరణలతో కొనసాగుతూ వచ్చింది.

పన్ను వసూలులో చెప్పుకోదగిన మార్పు 1999-2000లో వచ్చింది. అప్పటివరకు ఉద్యోగి వచ్చి కొలిచి పన్ను కట్టేవాడు. ఆ సంవత్సరం యజమానే తన ఇంటి వివరాలు ఒక పత్రంలో నింపి పన్ను తానే లెక్కించుకొనే స్వయం మదింపు విధానం ప్రవేశపెట్టబడింది. ఈనాడు రిజిస్టర్లలో కనిపించే పాత తప్పులలో కొన్ని ఆనాడు యజమానులే తొందరలో నింపిన పత్రాల నుండి వచ్చినవి కావచ్చు. అన్నింటికీ బిల్ కలెక్టరును నిందించడం సరికాదు.

పన్ను లెక్కించే విధానం

చాలామంది ఇంటిపన్ను ఇంటి ధరను బట్టి నిర్ణయమవుతుందని భావిస్తారు. హైదరాబాదులో అది నిజం కాదు. ఇక్కడ పన్నుకు మూలం అద్దె విలువ. ఆ కట్టడం అద్దెకు ఇచ్చినచో సమంజసంగా ఎంత రావచ్చునో ఆ మొత్తమే అద్దె విలువ. యజమాని స్వయంగా అందులో నివసిస్తున్నా ఈ ఊహాత్మకమైన అద్దెనే లెక్కలోకి తీసుకుంటారు. దీనిని నిర్ణయించేటప్పుడు ఇల్లు ఉన్న ప్రాంతం, నిర్మాణపు రకం, ప్లింత్ ఏరియా (గోడలతో సహా కట్టడం ఆక్రమించిన వైశాల్యం), కట్టడపు వయస్సు, వినియోగం అనే అంశాలను చూడవలెనని చట్టం చెబుతుంది.

ఆచరణలో ప్రతి ప్రాంతానికీ చదరపు అడుగుకు నెలకు ఇంత అని ఒక రేటు ఉంటుంది. దానిని వైశాల్యంతో హెచ్చిస్తే నెలసరి అద్దె విలువ, దానిని పన్నెండుతో హెచ్చిస్తే వార్షిక అద్దె విలువ వస్తాయి. ఇందులో కట్టడపు తరుగుదల కింద 10 శాతం తీసివేసి, మిగిలిన దానిపై శ్రేణిని బట్టి పన్ను శాతం వేస్తారు. వచ్చిన పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కలుపుతారు.

ఉదాహరణకు 1,000 చదరపు అడుగుల ఇంటికి చదరపు అడుగుకు ఒక రూపాయి రేటు అనుకుందాము. (ఇది లెక్క సులువు కొరకు తీసుకున్న రేటు మాత్రమే.) నెలసరి విలువ 1,000 రూపాయలు, వార్షిక విలువ 12,000 రూపాయలు. తరుగుదల పోగా 10,800. అందులో 30 శాతం 3,240. గ్రంథాలయ పన్ను 259 రూపాయల 20 పైసలు కలిపితే మొత్తం 3,499 రూపాయల 20 పైసలు. నివాసేతర కట్టడాలకు సంస్థ ప్రకటించిన సూత్రంలో వైశాల్యాన్ని, రేటును హెచ్చించి మళ్ళీ మూడున్నరతో హెచ్చించవలెనని ఉంటుంది. ఆ మూడున్నర ఎక్కడి నుండి వచ్చినదో పై లెక్క చూస్తే తెలుస్తుంది.

గ్రంథాలయ పన్ను 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం వసూలు చేయబడుతుంది. చిక్కడపల్లి, అశోక్ నగర్ ఇళ్ళవారు కట్టే ఈ ఎనిమిది పైసల ఫలితం వారి కళ్ళ ముందే ఉంది. అక్కడి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదువుకొనే విద్యార్థులు ఉదయం నుండి రాత్రి వరకు కిటకిటలాడుతుంటారు.

శ్రేణులు

నివాస గృహాలకు నెలసరి అద్దె విలువను బట్టి పన్ను శాతం మారుతుంది. 50 రూపాయల వరకు పన్ను లేదు. 51 నుండి 100 వరకు 17 శాతం, 101 నుండి 200 వరకు 19 శాతం, 201 నుండి 300 వరకు 22 శాతం, 300 దాటితే 30 శాతం. ఈ శాతాలలో సాధారణ పన్నుతో పాటు పారిశుద్ధ్యం, వీధి దీపాలు, మురుగునీటి పారుదల పన్నులు కలిసి ఉంటాయి. శ్రేణులతో మారేది సాధారణ పన్ను మాత్రమే. మొదటి శ్రేణిలో అది 2 శాతం, చివరి శ్రేణిలో 15 శాతం.

ఆదాయపు పన్నులో పరిమితి దాటిన భాగానికే పై రేటు వర్తిస్తుంది. ఇక్కడ అలా కాదు, మొత్తం విలువపై కొత్త శాతం పడుతుంది. పైన చెప్పిన పద్ధతిలో లెక్క వేస్తే, నెలసరి విలువ సరిగ్గా 300 రూపాయలు ఉన్న ఇంటికి ఏడాదికి సుమారు 770 రూపాయల పన్ను వస్తుంది. అది 301 అయినచో పన్ను సుమారు 1,053 రూపాయలు అవుతుంది. విలువలో ఒక్క రూపాయి పెరిగితే పన్నులో 283 రూపాయలు పెరిగినట్లు.

అయితే ఈ శ్రేణులు ఏర్పడిన నాటి 300 రూపాయలకు, నేటి 300 రూపాయలకు పోలిక లేదు. చదరపు అడుగుకు రూపాయి చొప్పున లెక్కించినా 301 చదరపు అడుగుల చిన్న వాటా చివరి శ్రేణిలోకి చేరిపోతుంది. కనుక ఈ మూడు పేటలలోని సాధారణ ఫ్లాటు యజమానికి కింది శ్రేణులు కాగితం మీద ఉన్నవే కాని అందుబాటులో ఉన్నవి కావు. శ్రేణి మార్చమని పోరాడే అవకాశం ఒకటి రెండు గదుల పాత ఇళ్ళకు, చిన్న చిన్న వాటాలకు మాత్రమే మిగిలింది.

2016 నగరపాలక ఎన్నికలకు ముందు తెలంగాణ ప్రభుత్వం ఏడాదికి 1,200 రూపాయల లోపు పన్ను ఉన్న నివాస గృహాలకు దానిని 101 రూపాయలకు తగ్గించింది. దీనితో చట్టంలో లేని మరొక గీత ఏర్పడింది. ఉజ్జాయింపుగా చూస్తే నెలసరి విలువ 340 రూపాయలు ఉన్న ఇల్లు ఈ గీతకు లోపల, 350 ఉన్నది బయట ఉంటాయి. పది చదరపు అడుగుల కొలత తేడా ఒక పేద కుటుంబానికి ఏడాదికి వెయ్యి రూపాయలకు పైగా భారం కావచ్చును. 2020 నవంబరులో 15,000 రూపాయల వరకు పన్ను ఉన్న నివాస గృహాలకు ఆ ఆర్థిక సంవత్సరపు పన్నులో సగం రాయితీ ప్రకటించినప్పుడు కూడా అటువంటి గీతే ఏర్పడింది. కాని అది ఆ సంవత్సరానికే పరిమితం.

వివాదాలకు కారణాలు

నివాస గృహాల రేట్లు 2000 దశకపు తొలి సంవత్సరాలలో సవరించబడిన తరువాత చాలాకాలం పాటు సాధారణ సవరణ జరగలేదు. అందువలన పన్ను లెక్కలోని అద్దె, బజారులోని అద్దెకు ఎంతో తక్కువగా ఉంటుంది. ఇది యజమానికి లాభమే. కాని పునఃపరిశీలన కోరేవారు దీనివలన ఒక విషయం గుర్తుంచుకోవలసి ఉంటుంది. "నాకు వచ్చే అద్దె తక్కువ" అనే వాదన సాధారణంగా నిలబడదు. నిలబడేవి రిజిస్టరులో నమోదైన వాస్తవాలకు సంబంధించిన వాదనలు. వైశాల్యం ఎంత, వినియోగం ఏమిటి, కట్టడం ఎప్పటిది, పక్క ఇంటికి వేసిన రేటే దీనికీ వేశారా అన్న ప్రశ్నలకు కాగితాలతో సమాధానం చెప్పవచ్చు. పన్ను భారంగా ఉన్నదనే మాటకు చట్టంలో సమాధానం లేదు.

వీటిలో వైశాల్యం గురించిన తగాదాలు ఎక్కువ, పరిష్కారం కూడా సులభం. ఫ్లాటు విక్రయ దస్తావేజులో వ్రాసిన విస్తీర్ణంలో మెట్లు, నడవా వంటి ఉమ్మడి స్థలాల వాటా తరచుగా కలిసి ఉంటుంది. దానినే ప్లింత్ ఏరియాగా ఎక్కించినప్పుడు లెక్క పెరుగుతుంది. పై ఉదాహరణలోని 1,000 చదరపు అడుగులను 1,200గా నమోదు చేస్తే పన్ను 3,499 నుండి 4,199 రూపాయలకు చేరుతుంది. ఏడాదికి 700 రూపాయలు పెద్ద మొత్తంగా కనిపించకపోవచ్చు. కాని ఆ అంకెను సరిచేయించనంత కాలం ప్రతి ఏటా అదే తప్పుకు చెల్లించవలసి ఉంటుంది. పాత ఇల్లు కూల్చి అపార్టుమెంటు కట్టిన చోట పాత ఇంటి నంబరు మీద ఒక లెక్క, కొత్త ఫ్లాట్ల మీద మరొక లెక్క సాగి, లేని ఇంటికి బకాయి పేరుకుపోవడం కూడా జరుగుతుంది. చిక్కడపల్లి, అశోక్ నగర్ ఇంటి నంబర్లు చాలావరకు 1తోను, నారాయణగూడవి 3తోను మొదలవుతాయి. నంబరు చివర చేరే గీతలు, అక్షరాలు తారుమారైతే ఒకరి పన్ను మరొకరి ఖాతాలో పడుతుంది. అందుచేత బిల్లుపై ఇంటి నంబరు కంటే పది అంకెల ఆస్తిపన్ను గుర్తింపు సంఖ్యను చూసుకోవడం మేలు.

వినియోగం గురించిన తగాదా వీటన్నింటిలో కఠినమైనది. నివాసేతర కట్టడాల రేట్లు నివాస రేట్లకు ఎన్నో రెట్లు ఉంటాయి. అశోక్ నగర్ పరిసరాలలో ఉద్యోగ పరీక్షల శిక్షణ కేంద్రాలు పెరిగిన తరువాత, పిల్లలు వేరే ఊళ్ళలో స్థిరపడిన వృద్ధ దంపతులు తమ ఇంటి కింది భాగాన్ని విద్యార్థుల వసతికి ఇవ్వడం మామూలైంది. గదిలో నివసించేవారు విద్యార్థులే కనుక అది నివాసమేనని యజమాని వాదిస్తాడు. మనిషికి ఇంత, మంచానికి ఇంత అని తీసుకొని భోజనంతో సహా నడిపేది వ్యాపారమని మదింపు అధికారి అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత సబబు ఉన్నది. ఒక కుటుంబం అద్దెకు ఉన్నట్లే నలుగురు విద్యార్థులు ఒక వాటాను అద్దెకు తీసుకొని వంట చేసుకొంటూ ఉండడం ఒక సంగతి, బోర్డు పెట్టి, నిర్వాహకుని నియమించి నడిపే వసతిగృహం మరొక సంగతి. అద్దె ఒప్పందం ఎవరి పేరున ఉన్నది, విద్యుత్ మీటరు ఏ తరగతిలో ఉన్నది, వ్యాపార లైసెన్సు తీసుకున్నారా అనేవి ఇటువంటి విచారణలో పనికివచ్చే ఆధారాలు. ముఖ్యంగా, కింది అంతస్తు వినియోగం మారినంత మాత్రాన పైన యజమాని నివసించే భాగానికి నివాసేతర రేటు వేయవలసిన పని లేదు. ఏ భాగం దేనికి వాడుతున్నారో ఆ భాగానికి ఆ రేటే వర్తింపజేయమని కోరవచ్చు. వసతిగృహం ఖాళీ చేయించి మళ్ళీ కాపురానికి వాడుకొనే యజమానులు ఆ మార్పును తెలియజేయడం మరచిపోతారు. రిజిస్టరు దానంతట అది మారదు.

గుర్తింపు పొందిన పాఠశాలలకు పదవ తరగతి వరకు పన్ను మినహాయింపు ఉన్నది. ప్రార్థనా స్థలాలకు కూడా ఉన్నది. శిక్షణ కేంద్రాలు విద్య నేర్పుతున్నా ఈ మినహాయింపు కిందికి రావు. నారాయణగూడలో పాఠశాలలు, శిక్షణ కేంద్రాలు పక్కపక్కనే ఉండుటచేత ఈ తేడా చాలామందికి వింతగా తోస్తుంది.

గుంటూరు వ్యాజ్యం

సమంజసమైన అద్దె అంటే ఏది అన్న ప్రశ్నపై తెలుగు ప్రాంతం నుండే ఒక ప్రసిద్ధమైన వ్యాజ్యం సుప్రీం కోర్టుకు వెళ్ళింది. గుంటూరు పట్టణ పన్ను చెల్లింపుదారుల సంఘం అక్కడి పురపాలక సంఘంపై వేసిన ఈ వ్యాజ్యంలో, అద్దె నియంత్రణ చట్టం వర్తించే ఇళ్ళకు ఆ చట్టం అనుమతించే న్యాయమైన అద్దెను మించి అద్దె విలువ కట్టరాదని కోర్టు 1970లో తీర్పు చెప్పింది. అద్దె నియంత్రణాధికారి ఆ ఇంటికి న్యాయమైన అద్దెను నిర్ణయించి ఉన్నా లేకున్నా ఈ సూత్రం వర్తిస్తుందని స్పష్టం చేసింది. చట్టం అనుమతించని అద్దెను ఏ యజమానీ సమంజసంగా ఆశించలేడన్నది ఇందులోని తర్కం. 1979 డిసెంబరులో ఢిల్లీకి చెందిన దివాన్ దౌలత్ రాయ్ కపూర్ వ్యాజ్యంలోనూ సుప్రీం కోర్టు ఇదే మార్గాన్ని అనుసరించింది.

దీనివలన పాత అద్దెల ఇళ్ళపై పురపాలక సంఘాల ఆదాయం స్తంభించిపోయింది. తరువాత చట్టాలు సవరించి, ప్రాంతం, నిర్మాణం, వైశాల్యం, వయస్సు, వినియోగం ఆధారంగా అద్దె విలువ కట్టే నేటి పద్ధతిని తెచ్చారు. కనుక గుంటూరు తీర్పును నేటి పిటిషన్‌లో యథాతథంగా ఉదహరించడం వలన ప్రయోజనం లేదు. అయినా సామాన్య పన్ను చెల్లింపుదారులు సంఘంగా ఏర్పడి పన్ను మదింపు సూత్రాన్నే మార్పించగలిగిన సందర్భంగా దానికి చరిత్రలో స్థానం ఉన్నది.

పిటిషన్ విధానం

కొత్తగా పన్ను విధించినప్పుడు గాని, ఉన్న పన్నును పెంచినప్పుడు గాని యజమానికి ప్రత్యేక నోటీసు ఇవ్వవలెను. అందులో పేర్కొన్న గడువు లోపల పిటిషన్ దాఖలు చేయాలి. ఈ గడువు నెలలలో కాక రోజులలో ఉంటుంది. నోటీసు ఇంట్లో మూలన పడి ఉండి, బిల్లు వచ్చిన తరువాత మేలుకొన్నవారు చాలా నష్టపోతారు. విదేశాలలో ఉంటూ ఇక్కడి ఇంటికి తాళం వేసినవారికి ఇది తరచుగా జరుగుతుంది.

పిటిషన్‌ను కమిషనరుకు ఉద్దేశించి వ్రాసి సర్కిల్ కార్యాలయంలో ఇస్తారు. వార్డుల, సర్కిళ్ళ సరిహద్దులు పలుమార్లు మారినవి. 2025 చివరిలో చుట్టుపక్కల పురపాలక సంఘాలు విలీనమైనప్పుడు మరొకసారి మారినవి. కాబట్టి తాజా బిల్లుపై ఉన్న సర్కిల్ పేరును చూసుకొని వెళ్ళడం ఉత్తమం. రసీదు లేదా నమోదు సంఖ్య తప్పక తీసుకోవాలి. విక్రయ దస్తావేజు, ఆమోదిత నక్షా, పాత పన్ను రసీదులు, విద్యుత్ బిల్లు, అద్దె ఒప్పందం జతచేస్తారు. అంచనా పుస్తకంలో తన ఇంటికి సంబంధించిన పద్దును చూసే హక్కు యజమానికి ఉన్నది. దానిని చూడకుండా పిటిషన్ వ్రాయడం ప్రశ్న చదవకుండా జవాబు వ్రాయడం వంటిది. అవసరమైతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ద్వారా నకలు కోరవచ్చు. సంస్థ వెబ్‌సైటులో ఇంటి నంబరుతో పన్ను వివరాలు వెతికే సదుపాయం ఉన్నందున, అదే అపార్టుమెంటులో అంతే వైశాల్యం ఉన్న ఫ్లాట్లతో పోల్చి చూపడం కూడా సాధ్యమే.

తరువాత సిబ్బంది వచ్చి కొలతలు తీసుకొంటారు. యజమాని వాదన విని, ఉత్తర్వు ఇస్తారు. ఈ కొలత రెండంచుల కత్తి. అనుమతి లేకుండా వేసిన గది, మేడపై రేకుల షెడ్డు లెక్కలో లేనివి ఉంటే అవి బయటపడి పన్ను పెరగవచ్చు, అదనపు జరిమానా కూడా పడవచ్చు. 2024లో డ్రోన్ల సాయంతో జీఐఎస్ సర్వే ప్రారంభమైన తరువాత, ఇటువంటివి పిటిషన్ వేయకపోయినా దాగి ఉంటాయని అనుకోవడానికి లేదు.

కొన్ని సంవత్సరాలలో ఫిబ్రవరి, మార్చి నెలల ఆదివారాలలో సర్కిల్ కార్యాలయాల వద్ద "ప్రాపర్టీ టాక్స్ పరిష్కారం" పేరుతో ప్రత్యేక శిబిరాలు జరిగాయి. అంకెల తప్పులు, పేర్ల తప్పులు, రెండుసార్లు పన్ను పడిన సందర్భాలు ఇటువంటి చోట త్వరగా తేలతాయి. వినియోగం వంటి చిక్కు ప్రశ్నలు శిబిరంలో తేలవు.

పిటిషన్ వేయడంతో పన్ను వసూలు దానంతట అది ఆగిపోదు. బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి 24 శాతం అన్నమాట. కనుక వివాదం లేని పాత మొత్తాన్ని సకాలంలో చెల్లించి, పెరిగిన భాగంపై పోరాడడం వివేకం. 2020లోను, ఆ తరువాత కొన్నిసార్లు పేరుకుపోయిన వడ్డీలో 90 శాతం మాఫీ చేసిన ఏకకాల పరిష్కార పథకాలు వచ్చాయి. వాటిపై ఆశతో బకాయి పెట్టేవారు లేకపోలేదు. సకాలంలో కట్టినవారికి ఇది న్యాయంగా కనిపించదు.

అప్పీలు

కమిషనరు ఉత్తర్వుపై చట్టంలోని 282వ సెక్షను కింద స్మాల్ కాజెస్ కోర్టులో అప్పీలు ఉంటుంది. ముందుగా కమిషనరుకు ఫిర్యాదు చేసి, అది పరిష్కారమై ఉండాలి. గడువు లోపల రావాలి. విధించిన పన్నును ముందే చెల్లించి ఉండాలి. ఈ చివరి నిబంధన పేదవారికి కష్టమే. అయినా అప్పీలు హక్కు చట్టం ఇచ్చినదే కనుక దానికి షరతు పెట్టే అధికారం కూడా చట్టానికి ఉంటుందని అనంత్ మిల్స్ వ్యాజ్యంలో సుప్రీం కోర్టు 1975లో చెప్పింది. అసలు నోటీసే ఇవ్వకుండా పన్ను పెంచిన సందర్భాలలో కొందరు హైకోర్టులో రిట్ వేస్తారు. అక్కడ కొలతల తగాదాలోకి సాధారణంగా వెళ్ళరు, మళ్ళీ విచారించమని సంస్థకే తిప్పి పంపుతారు.

ఇతర ప్రాంతాలలో

ఆంధ్రప్రదేశ్ 2021 ఏప్రిల్ నుండి పట్టణాలలో అద్దె విలువను వదలి, ఆస్తి మూలధన విలువ ఆధారంగా పన్ను వేసే పద్ధతికి మారింది. కాబట్టి విజయవాడలోని యజమాని ప్రశ్నించవలసినది అద్దె రేటును కాదు, ఆస్తికి కట్టిన విలువను. ఇంగ్లండులో ఇళ్ళను ఎనిమిది శ్రేణులుగా విభజించి స్థానిక పన్ను వేస్తారు. ఒక ఇల్లు 1991 ఏప్రిల్ 1న అమ్మితే ఎంత పలికేదో దానిని బట్టి దాని శ్రేణి నిర్ణయమవుతుంది. ఆ తరువాత కట్టిన ఇళ్ళకు కూడా ఆనాటి ధరనే ఊహిస్తారు. వేల్స్‌లో మాత్రం 2003 నాటి విలువలతో సవరించి, 2005 నుండి తొమ్మిది శ్రేణులు చేశారు. అక్కడ కూడా శ్రేణిని ప్రశ్నించేవారు ముందుగా చూసేది అటువంటి పొరుగు ఇళ్ళు ఏ శ్రేణిలో ఉన్నవన్నదే.